వాలు పలక మీద కొలత

కువైట్ దేశం మొత్తానికి, మంచుకొండల మీద జారే బూట్లను కాలికి అమర్చి ఇవ్వగలిగిన మొనగాడు ఒక్కడే ఉన్నాడు. ఫింటాస్‌లో, లాండ్రీకీ బకాలా అనే కిరాణా కొట్టుకీ మధ్య సందులాంటి దుకాణంలో కూర్చొని చెప్పులకు మడమలు అంటిస్తుంటాడు. చలికాలం వచ్చిందంటే ఆయన గుమ్మం ముందు పెద్ద పెద్ద కార్లు బారులు తీరుతాయి. ఒకసారైతే ఒక మంత్రిగారి కాలు ఒళ్ళో పెట్టుకొని, అయ్యా కొంచెం వంచండి, అని గద్దించాడు కూడా.

సరే, ఇక్కడ ఆగుతాను. కార్లు బారులు తీరే మాట నిజమే గాని, అవి బకాలా ముందు ఆగి హారన్ కొట్టి చాయ్ తెప్పించుకునే కార్లు. మంత్రిగారి కాలు అబద్ధం. ఆ మొనగాణ్ణి నేనే. నేను అమర్చిన మంచు బూట్లు నా జన్మకు ఒక్క జత. అందులో కుడిది బాగా కుదిరింది. ఎడమదాని సంగతి వచ్చినప్పుడు చెబుతాను.

ఆ జత ఇప్పుడు నా దుకాణంలో పై అరలో, జిగురు డబ్బాల పక్కన కూర్చొని ఉంది. ఎర్రటి గట్టి ప్లాస్టిక్, ఒక్కోదానికి నాలుగేసి ఇనుప కొక్కేలు, లోపల మెత్తటి బొంతలాంటి ఇంకో బూటు. చేత్తో ఎత్తితే నీళ్ళ బిందె ఎత్తినట్టే ఉంటుంది. వచ్చినవాళ్ళంతా ఇదేందన్నా అని అడుగుతారు. ఒక్కొక్కరికి ఒక్కో కథ చెప్పి పంపిస్తుంటాను. ఈసారి జరిగింది జరిగినట్టు రాద్దామని కూర్చున్నాను. మధ్యలో చెయ్యి జారితే నేనే ఒప్పుకుంటాను.

వాటిని తెచ్చింది రమణమ్మ. రాయచోటి దగ్గర, మా పక్క పల్లె మనిషి. అబూ హలీఫాలో ఒక కువైటీ ఇంట్లో పదకొండేళ్ళుగా పనిచేస్తోంది. శుక్రవారం మధ్యాహ్నం ఆమెకు సెలవు. ఆ శుక్రవారం నల్ల ప్లాస్టిక్ సంచీ ఒకటి భుజాన వేసుకొని రొప్పుతూ వచ్చి, నా బల్ల మీద ధడేలున దించింది.

"చిన్నాయనా, ఇవి నా కాలికి పట్టాల."

"ఏందివి? మోటారుసైకిలు సామాన్లా?"

"మంచు మీద జారే బూట్లంట. మా పెద్దపాపవి. మామా ఇచ్చింది. నంబరు నీదీ అదే గదా, ఏసుకో పో అనింది."

ఇక్కడ ఇళ్ళలో పనిచేసే మన ఆడవాళ్ళు యజమానురాలిని మామా అనే పిలుస్తారు. రమణమ్మ వాళ్ళ మామా చెడ్డ మనిషి కాదు. ఒకసారి చెప్పిన మాట రెండోసారి చెప్పే అలవాటు లేదు, అంతే. ప్రతి చలికాలం ఆ కుటుంబం మంచుకొండల దేశానికి పోతుంది. పిల్లలను చూసుకోవడానికి రమణమ్మనూ తీసుకుపోతారు. తీసుకుపోయి హోటలు గదిలో దించుతారు.

"ఆరు దేశాలు తిరిగినా చిన్నాయనా. ఏం చూసినావు అంటే ఏం చెప్పాల నేను? గదులు చూసినా. ఇస్త్రీ పెట్టెలు చూసినా. మంచు చూసినా గాని కిటికీలోనుంచి, టీవీలో మాదిరి. తడి బట్టలు తెచ్చి నా మీద ఏసినప్పుడు మాత్రం అది చల్లగుంటాదని తెలిసింది."

ఈసారి అందరికంటే చిన్నది, ఆరేళ్ళ నూరా, మొండికేసిందట. రమణ నా పక్కన జారితేనే నేనూ జారతాను, లేకపోతే రాను, అని. మామా సరేనంది. పెద్దపాప పాత బూట్లు స్టోరు గదిలో ఉన్నాయి, అవి పడితే రమణ కూడా నేర్చుకుంటుంది. పట్టకపోతే ఎప్పటిలాగే గదిలో ఉంటుంది.

"పట్టల్యా అని చెప్తే మామా ఇంకోమాట అడగదు. ఖలాస్. మళ్ళా గదే." ఆమె సంచీలోనుంచి ఉన్ని మేజోళ్ళు రెండు జతలు తీసి, ఒకదాని మీద ఒకటి తొడిగింది. "ప్రయాణానికి ఇంకా పదిరోజులుండాది. ఒక్కసారి, ఒకే ఒక్కసారి, ఆ కిటికీకి అవతలపక్క నిలబడాల నేను."

నేను ఆమె కాలు చూశాను. ఇరవై ఏళ్ళు వచ్చేదాకా చెప్పు ఎరగని కాలు అది. చెనిక్కాయ చేలల్లో, గులకరాళ్ళలో పెరిగిన కాలు. మడమ దగ్గర సన్నగా మొదలై, వేళ్ళ దగ్గరికి వచ్చేసరికి విసనకర్రలాగా విచ్చుకొని, ఐదు వేళ్ళూ ఐదు దిక్కులు చూస్తున్నాయి. బూటేమో గడియారపు పెట్టెలాగా ఇరుకు. పక్క లాండ్రీ ఖాదర్ కూడా వచ్చాడు. మాది రాయచోటి, అతనిదీ రాయచోటే, కాకపోతే టౌను. ముగ్గురం కలిసి తోస్తే కాలు సగం దాకా పోయి ఇరుక్కుంది. మళ్ళీ ముగ్గురం కలిసి లాగితే బయటికి వచ్చింది, రమణమ్మతో పాటు నేనూ వెనక్కి పడ్డాను.

"నీకు చాతనవుతాదా చిన్నాయనా?" అంది, పాదం రుద్దుకుంటూ.

"ఇట్లాంటివి ఎన్ని చేసినానో లెక్క ఉండాదా? నా చేతికింద నలిగిన బూట్లు నిలబెడితే ఇక్కన్నుంచి సముద్రం దాకా పోతాయి."

"ఎప్పుడు చేసినావన్నా?" అన్నాడు ఖాదర్. "పదేండ్ల నుంచీ నేను పక్కనే ఉండా గదా?"

"నువ్వు ఇస్త్రీ మీద ధ్యానం పెట్టినప్పుడు," అన్నాను.

రమణమ్మ నమ్మింది. అదే నా కొంప ముంచింది.

మా జేజినాయన, అంటే మా తాత, చెప్పులు కుట్టేవాడు. ఈ చిన్న వాక్యం రాయడానికి నాకు దాదాపు ఒక జీవితం పట్టింది. బళ్ళో అయ్యవారు మీ ఇంట్లో ఏం పనిరా అని అడిగితే, మిలిటరీకి బూట్లు పంపుతాం సార్, అన్నాను. తరగతి తరగతంతా నావైపు తిరిగి చూసింది. ఆ చూపు రుచి ఇప్పటికీ నాలుక మీద ఉంది. ఉన్నదాన్ని పెంచి చెప్పే నా ఊదుడు రోగం అక్కడ మొదలైంది. మా ఇంటినుంచి మిలిటరీకి పోయినది ఏమన్నా ఉంటే, పక్కింటి వాళ్ళబ్బాయి ఒకడు పోయాడు, మా జేజినాయన కుట్టిన చెప్పులు వేసుకొని. అక్కడికి పోగానే వాటిని విప్పించి వేరే బూట్లిచ్చారట.

మా ఇల్లు ఎక్కడుందో ఊరికి కొత్తగా వచ్చినవాళ్ళు కూడా అడగకుండా కనుక్కునేవాళ్ళు. వాసన పట్టుకొని వస్తే చాలు. తొట్టిలో తంగేడు చెక్కతో నానుతున్న తోలు వాసన, దాని మీద ఆముదం వాసన, వాటన్నిటి మీదా తెల్లవారుజామున మా జేజి కెలికే రాగిసంగటి వాసన. ఈ మూడూ కలిసిన గాలి పీల్చి పెరిగాను కాబట్టి, ఇప్పటికీ నాకు ఉత్త సంగటి వాసన వస్తే ఏదో తక్కువైనట్టే అనిపిస్తుంది. జేజి సంగటిముద్ద మీద ఊరుబిండి పచ్చడి వేసి పిలిచేది. జేజినాయన వచ్చేవాడు కాదు. తోలు కోసే రంపెను రాతి మీద నూరుతూ, ఇంకో నాలుగు రుద్దులు, ఇంకో నాలుగు రుద్దులు, అనేవాడు. సంగటి చల్లారాక వచ్చి, చల్లగుండాదే అని జేజిని తిట్టేవాడు. ఇది ప్రతిరోజూ జరిగేది. ఒక్కరోజు జరగకపోతే ఇద్దరికీ ఒంట్లో బాగాలేదేమో అని నాకు భయం వేసేది.

ఆయన మనుషుల ముఖాలు చూసేవాడు కాదు. గుమ్మంలో ఎవరైనా నిలబడితే కాళ్ళు చూసి, రా సుబ్బారెడ్డీ, రా గంగులమ్మా, అనేవాడు. "పెండ్లినాడు గూడా నా మొగం చూడల్యా ముసిలోడు," అని జేజి వచ్చినవాళ్ళందరికీ చెప్పేది. "తలంబ్రాలు పోస్తా పోస్తా నా కాలి మెట్టెలకల్లే చూస్తాండె. ఎడమ కాలు వంకరుండాదని ఆపొద్దే కనిపెట్టినాడు." వంకర కాలికి సరిపోయే చెప్పులు పెళ్ళయిన వారానికే కుట్టిచ్చాడట. అంతకంటే ముద్దుమాట ఆయన తన ఆయుష్షులో ఇంకోటి మాట్లాడినట్టు లేదు.

కొలత తీసుకునేటప్పుడు మాత్రం ఆయనకొక పిచ్చి ఉండేది. కూర్చున్న మనిషి కాలు కొలిచేవాడు కాదు. మూలన ఒక చెనిక్కాయల మూట ఉండేది. ఎవరొచ్చినా సరే, దాన్ని నెత్తిన పెట్టుకొని మేకతోలు తునక మీద నిలబడాల్సిందే. అప్పుడు బొగ్గుతో పాదం చుట్టూ గీత గీసేవాడు. "కూసున్న కాలు అబద్ధం చెప్తాదిరా అబ్బీ. బరువు మోసే కాలే నిజం చెప్తాది," అనేవాడు. ఒకసారి సాక్షాత్తూ జిల్లా కలెక్టరు మా ఇంటికి వచ్చి మూట ఎత్తుకొని నిలబడ్డాడు. కలెక్టరు కాదు లెండి, తాలూకా ఆఫీసు బంట్రోతు. కానీ ఆయన తలపాగా కలెక్టరంత ఉండేది, మూటకోసం దాన్ని తీసి జేజి చేతికి ఇవ్వాల్సి వచ్చింది. ఊదకుండా చెప్పగలిగిన మాట ఒకటుంది. మా ఇంట్లో మంచినీళ్ళు ముట్టని పెద్ద మనుషులు కూడా మా జేజినాయన ముందు మూట నెత్తిన పెట్టుకొని, ఆయన చాలు అనేదాకా మెదలకుండా నిలబడేవాళ్ళు. అలా చూసినప్పుడల్లా నాకు లోపల నవ్వొచ్చేది. ఆయనకు వచ్చేది కాదు. ఆయన చూస్తున్నది కాళ్ళను మాత్రమే.

గీసిన తునకలను దండెం మీద వేలాడదీసేవాడు. ఊరు ఊరంతా మా ఇంట్లో పాదాలై వేలాడుతూ ఉండేది. గాలి వీస్తే రెడ్డిగారి కాలు వెళ్ళి చాకలి కాలికి తగిలేది. ఎవరైనా చనిపోతే ఆ తునకను దించి, ఆ ఇంట్లో పిల్లల చెప్పులకు లోపలి పొరగా వేసి కుట్టేవాడు. ఆ సంగతి వాళ్ళకు చెప్పేవాడు కాదు.

నా దుకాణంలో మొన్నటిదాకా దండెం లేదు, పాదాలూ లేవు. అందరి కాళ్ళూ నంబర్లయిపోయాయి. నలభై, నలభై ఒకటి, నలభై రెండు. కాలు పట్టకపోతే తప్పు కాలిదే. నేను చేసేది ఊడినది అంటించడం, అరిగినది మార్చడం. ఒక మనిషి కాలు కొలిచి ఎన్నేళ్ళయిందో నాకే గుర్తు లేదు. ఆ శుక్రవారం మాత్రం బకాలా నుంచి బియ్యం బస్తా తెప్పించాను. రమణమ్మ నెత్తిన పెట్టి, అట్టముక్క మీద నిలబెట్టి, జేజినాయనలాగే ముక్కుతో గట్టిగా గాలి పీలుస్తూ గీత గీశాను.

"బస్తా యాల చిన్నాయనా? దేనికిది?" అంది రమణమ్మ.

"ఇది పాతకాలపు సైన్సు," అన్నాను.

ఆ వారమంతా నా పాతకాలపు సైన్సు ఏం చేసిందో వరసగా ఒప్పుకుంటాను. మొదట లోపలి బొంత బూటుకు ఆముదం పట్టించాను. కిర్రు చెప్పులు మెత్తబడటానికి మా ఇంట్లో అదే మందు. తోలుకైతే తాగుతుంది, దీనికి తాగే నోరు లేదు. నూనె పైకి తేలి, దుకాణమంతా కాన్పయిన ఇల్లులాగా వాసన కొట్టింది. దాన్ని ఖాదర్ మూడుసార్లు ఉతికి, ఈసారి నీ బూట్లు నా గుమ్మం తొక్కితే చూడన్నా, అని మొక్కాడు. తర్వాత పై బూటు నిండా ఎండు శనగలు పోసి, కొక్కేలు బిగించి, నీళ్ళు పోశాను. తోలు బూటైతే శనగలు ఉబ్బి నిదానంగా సాగదీస్తాయి. మా జేజినాయన ఎన్నోసార్లు చేశాడు. ఈ ప్లాస్టిక్ వెంట్రుక మందం కూడా కదలలేదు. శనగలకు దారి దొరక్క పై నుంచి పొంగి బయటికొచ్చాయి, మూడోరోజుకు మొలకలొచ్చాయి. మొలకలు కూడా ఎంత అందంగా వచ్చాయంటే, బకాలా వాడు వాటిని చూసి కిలో ఎంతకిస్తావు అని అడిగాడు. అడగలేదు. కానీ అడిగేంత అందంగానే ఉన్నాయి.

చివరికి బుద్ధి తెచ్చుకొని నా దగ్గరున్న వేడిగాలి మిషన్ తీశాను. అట్టల జిగురు మెత్తబరచడానికి వాడేది. బూటు ముందుభాగం వేడి చేసి, లోపల బూటు సాగదీసే చెక్క పెట్టి, దాని మర తిప్పి, తడిగుడ్డ చుట్టి చల్లార్చాను. కదిలింది. నా ఆనందానికి పట్టపగ్గాలు లేవు. రెండు బూట్లనూ బియ్యం బస్తా కొలతకు, అన్ని పక్కలా, ధారాళంగా వెడల్పు చేశాను. ఎడమదాన్ని వేడి చేస్తుండగా ఎవరితోనో గొప్పలు చెబుతూ ఉండిపోయాను. చూసేసరికి బూటు చెంప ఒకటి పన్నునొప్పి వచ్చిన మనిషిలాగా ఉబ్బింది. అది ఇప్పటికీ అలాగే ఉంది. అదీ ఎడమదాని సంగతి.

రెండో శుక్రవారం రమణమ్మ వచ్చి కాలు పెట్టింది. సర్రున దిగిపోయింది. నిలబడింది. నడిచింది. దుకాణం ఎంత, నాలుగడుగులు, ఆ నాలుగడుగులూ రాణిలాగా నడిచింది.

"చిన్నాయనా! నా కాలుకు ఇల్లు కట్టినట్టుండాది."

"నేను చెప్పలా?" అన్నాను. నిజానికి అప్పటికే నేను పటం కట్టించుకునే భంగిమలో ఉన్నాను.

ఖాదర్ గుమ్మంలో నిలబడి గడ్డం గోక్కున్నాడు. "అదికాదన్నా. మంచుకొండ అంటే ఏటవాలుగా ఉంటాది గదా. ఆయమ్మ దిగాల. నువ్వు చదునులో నడిపిస్తాండావు."

మా బిల్డింగు వెనక కింది అంతస్తు పార్కింగుకు కార్లు దిగే వాలుదారి ఉంది. ముగ్గురం అక్కడికి పోయాం. రమణమ్మ పై నుంచి దిగడం మొదలుపెట్టింది. ఐదో అడుగుకు మడమ లేచింది. పాదం మొత్తం ముందుకు జారి, వేళ్ళు పోయి బూటు ముక్కుకు గుద్దుకున్నాయి. పదో అడుగుకు గోడ పట్టుకొని కూలబడింది. బూటు విప్పితే బొటనవేలి గోరు నీలంగా ఉంది.

ఆమె ఏడవలేదు. బూట్లు రెండూ తీసి పక్కన నీటుగా పెట్టింది. "పోనీలే చిన్నాయనా. గదిలో వెచ్చగానే ఉంటాది," అంది. ఆ మాట కంటే తిట్టినా బాగుండేది. ప్రయాణానికి ఇంకా మూడు రోజులే ఉంది, ఆమెకు మళ్ళీ సెలవు లేదు. నా బడాయి నమ్మి వారం పోగొట్టుకుంది. లేకపోతే ఆమె ఇంకెవరి దగ్గరికన్నా పోయేది.

ఆ నీలం గోరు చూస్తూ కూర్చున్నాను. అలాంటి గోరు నేను ఇంతకుముందు చూశాను.

నాకు మీసాలు మొలిచే వయసులో, జేజినాయన ఊరెళ్ళిన రోజుల్లో, కట్టెల నాగమ్మ వచ్చింది. కొండెక్కి కట్టెలు కొట్టి మోపు నెత్తిన పెట్టుకొని దిగే ఆడవాళ్ళలో ఒకామె. చెప్పులు కావాలంది. నేను పెద్ద పనివాణ్ణయిపోయానని చూపించుకోవడానికి మూట ఎత్తించి, గీసి, రెండు రోజుల్లో జత కుట్టి ఇచ్చాను. కుట్టు చూస్తే మా జేజినాయన కుట్టే. మూడోరోజు ఆమె చెప్పులు చేత పట్టుకొని కుంటుతూ వచ్చింది. మడమ పట్టీ తెగింది, బొటనవేలి గోరు నీలం. ఆపాటికి జేజినాయన తిరిగి వచ్చి ఉన్నాడు. తన కాళ్ళ చెప్పులు విడిచి ఆమెకిచ్చాడు. నాగమ్మ పాదం ఆయన పాదం అంతే ఉంటుందని ఆయనకు ముందే తెలుసు. తెల్లవారి నన్ను కొండకు తీసుకుపోయి, నేను కుట్టిన చెప్పులకే పట్టీ అతికించి నా కాళ్ళకు తొడిగి, మోపు నా నెత్తిన పెట్టి, దిగరా అబ్బీ, అన్నాడు.

నేను దిగాను. దిగాను అంటే, సగం దూరం దిగాను, మిగతా సగం మోపు ముందు దొర్లితే దాని వెనక నేను దొర్లాను. కింద కూర్చొని వేళ్ళు పట్టుకొని ఊదుకుంటుంటే ఆయన వచ్చి పక్కన కూర్చున్నాడు. "నిలబడే కాలు ఒకటి, దిగే కాలు ఒకటి. దిగే కాలికి మడమ పట్టాల, వేళ్ళకు ఎడముండాల. వెడల్పు జాస్తి చేస్తే మంచిదనుకుంటివి. ఎడం ఏడ ఉండాలో ఆడుండాల, పట్టు ఏడ ఉండాలో ఆడుండాల." ఇంటికి వచ్చాక అటకమీద నుంచి ఒక పలక దించాడు. దాని ఒక చివర రాయి పెట్టి వాలుగా ఆనించాడు. కట్టెల ఆడవాళ్ళందరినీ ఆయన ఆ వాలు పలక మీద, మోకాళ్ళు వంచి, మూట నెత్తిన పెట్టి, కొలిచేవాడు. నేను రోజూ చూస్తూనే ఉన్నాను. మోకాళ్ళు వంచి నిలబడ్డ ఆడవాళ్ళను చూసి నవ్వుకున్నాను గాని, పలక ఎందుకో అడగలేదు.

అన్ని దెబ్బలు తిని నేర్చుకున్నదాన్ని, ఇన్నేళ్ళకు, ఇసుక చదునుగా పరుచుకున్న ఈ దేశంలో, మళ్ళీ మరిచిపోయాను. ఇక్కడ దిగడానికి ఏముంది?

"ఖాదరూ, నీ ఇస్త్రీ బల్ల చెక్క పట్రా," అన్నాను.

"ఎందుకన్నా?"

"అడగొద్దు. అడిగితే అబద్ధం చెప్తా."

చెక్క తెచ్చి మెట్టుకు ఆనించాం. రమణమ్మను దాని మీద నిలబెట్టాను. ఉన్ని మేజోళ్ళు రెండూ విప్పించి, పల్చటి జత ఒకటే ఉంచాను. చలికి రెండు వేసుకోవాలనుకుంది పాపం, బూటులో కాలు నలిగితే చలి ఇంకా ఎక్కువ వేస్తుంది. బియ్యం బస్తా నెత్తిన పెట్టి, మోకాళ్ళు వంచమన్నాను. ఆమె వంచింది. నేను ఊహించనంత సులువుగా వంచింది. చెయ్యి దానంతటదే బస్తా మీదికి పోయింది.

"నువ్వు కట్టెలు మోసినావా అమ్మీ?"

"పెండ్లి అయ్యేదాకా అదే పని గదా చిన్నాయనా. మా కొండ మీ కొండకన్నా నిటారు."

నాకు చాలా తృప్తిగా అనిపించింది. మాకంటే ఊదేవాళ్ళు పక్క పల్లెలో ఉన్నారని.

ఆ వంగిన పాదం చూస్తే అంతా తెలిసిపోయింది. మోకాలు ముందుకు పోతే మడమ వెనక్కి కుదురుకుంటుంది, వేళ్ళు వాటంతటవే వెనక్కి జరుగుతాయి. ఆమెకు ఎడం కావలసింది అన్ని పక్కలా కాదు. చిటికెనవేలి మొదట్లో, బొటనవేలి పక్క ఎముక దగ్గర, ఆ రెండు చోట్లే. ఖాదర్ లాండ్రీలో బట్టలకు గుర్తు పెట్టే పెన్నుతో ఆ రెండు చోట్లా చుక్కలు పెట్టాను. ఆ చుక్కల దగ్గర మాత్రం వెడల్పు ఉంచి, నేను ధారాళంగా పెంచినదంతా మళ్ళీ వేడిచేసి లోపలికి నొక్కాను. మడమ పక్కల చెరో పల్చటి తోలుముక్క అంటించాను. అరికాలి వంపు కింద ఇంకో పొర వేశాను, బరువు పడినప్పుడు పాదం పరుచుకోకుండా. మధ్యాహ్నం నమాజుకు పోయి వచ్చిన ఖాదర్ సాయంత్రం నమాజుకు పోయే వేళయింది. ఆ పనంతా చేస్తుండగా నేను ఒక్క గొప్ప కూడా చెప్పలేదు. ఇది అబద్ధం కాదు, ఖాదర్‌ను అడగండి. అన్నకు జొరమొచ్చిందేమో అని నొసలు తాకి చూశాడు.

ఎండ దిగిపోతుండగా మళ్ళీ పార్కింగు వాలుకు పోయాం. "కాలు పెట్టి మడమను నేలకేసి రెండుసార్లు కొట్టు. మోకాళ్ళు వంచు. ఇప్పుడు బిగించు, ముందు చీలమండ దగ్గరిది," అన్నాను. రమణమ్మ బిగించింది. దిగింది. ఐదో అడుగు. పదో అడుగు. నేను ఆమె ముఖం చూడకుండా కాళ్ళు చూస్తున్నాను. మా బిల్డింగు కాపలా చూసే ఈజిప్టు ఆయన చాయ్ గ్లాసు పట్టుకొని, ఎర్ర బూట్లు తొడుక్కొని మోకాళ్ళు వంచి వాలు దిగుతున్న రమణమ్మను, ఆమె వెనక బియ్యం బస్తా మోసుకొస్తున్న ఖాదర్‌ను, వాళ్ళ వెనక కళ్ళు తుడుచుకుంటున్న నన్ను చూసి, "ఏ దా, యా ఉస్తా?" అన్నాడు. ఇదేంది మేస్త్రీ అని.

"మంచు మీద జారే స్కూలు!" అని అరిచింది రమణమ్మ కింద నుంచి. "చిన్నాయనా, కొట్టుకోల్యా! వేలు కొట్టుకోల్యా!" తిరిగి పైకెక్కి మళ్ళీ దిగింది. యల్లా యల్లా, కానీ కానీ, అంటూ ఈజిప్టు ఆయన కూడా చప్పట్లు కొట్టాడు.

వాళ్ళు వెళ్ళిన వారానికి ఫోనులో వీడియో వచ్చింది. పెద్దపాప తీసిందట. తెల్లటి కొండ అంచు. కొండ అంటే మా పార్కింగు వాలుకంటే కాస్త పెద్దది. నూరా ముందు జారుతోంది. వెనక రమణమ్మ, ఎవరిదో నీలం కోటు, నెత్తిన టోపీ, కాళ్ళకు నా ఎర్ర బూట్లు. మోకాళ్ళు చక్కగా వంగి ఉన్నాయి. మడమలు కదలడం లేదు. ఎడమ చేతిలో కర్ర. కుడి చేయి మాత్రం నిదానంగా పైకి లేచి, నెత్తిమీద లేని మోపును పట్టుకుంది. "రమణా, నజ్లీ ఈదిచ్!" అని నూరా అరుస్తోంది, చెయ్యి దించమని. రమణమ్మకు వినబడలేదు. పెద్ద నవ్వు నవ్వుకుంటూ, మోపు పడిపోకుండా పట్టుకొని, మంచుకొండ దిగివచ్చింది. ఆ వీడియో నేను వందసార్లు చూశాను. పదిహేనుసార్లు. వెనకనే మాట కూడా పంపింది: "దిగినా చిన్నాయనా. ఒక్కసారి గూడా పడల్యా."

తిరిగి వచ్చిన శుక్రవారం బూట్లు తెచ్చి నా బల్ల మీద పెట్టింది. తొమ్మిదిసార్లు పడ్డానని అప్పుడు ఒప్పుకుంది. "నీ దగ్గర్నుంచే అంటుకునింది ఈ ఊదేది," అంది. పడ్డప్పుడల్లా మంచు నోట్లోకి పోయిందట. "కిటికీలోనుంచి చూస్తే ఉప్పు మాదిరి ఉన్యాది. నోట్లో పడితే ఏ రుచీ లేదు చిన్నాయనా, ఉత్త నీళ్ళే. దాని కోసరమా ఇంత పని అని ఎంత నవ్వుకుంటినో." వాటిని మళ్ళీ మామా ఇంటి స్టోరు గదిలో పెట్టడం ఆమెకు ఇష్టం లేదట. "ఆడ పెడితే మళ్ళా పెద్దపాప పాతవే అయిపోతాయి. మళ్ళా చలికాలం దాకా నీ దగ్గరే ఉండనీ. ఇవి నావి."

ఆమె పోయాక ఇస్త్రీ బల్ల చెక్క ఇంకా నా గుమ్మంలోనే ఉండటం చూశాను. ఖాదర్‌ను పిలిచాను. బియ్యం బస్తా నా నెత్తిన పెట్టమన్నాను. ఈ వయసులో మెడ విరుగుతాదన్నా అని గొణుగుతూనే పెట్టాడు. వాలు పలక మీద మోకాళ్ళు వంచి నిలబడ్డాను. జేజినాయన దగ్గర నేను కొలత ఇవ్వనే లేదు. బళ్ళో మిలిటరీ బూట్ల మాట చెప్పిన నాటినుంచి, కొన్న చెప్పులే వేసుకుంటానని పట్టుబట్టి, ఈ నాటిదాకా నంబరు చెప్పులే తొడిగాను. దండెం మీద ఊరందరి పాదాలూ వేలాడాయి గాని నాది లేదు.

ఖాదర్ వంగి, ఇస్త్రీ బట్టల అట్ట మీద, పెన్నుతో నిదానంగా నా పాదం చుట్టూ గీశాడు. దిగాక ఆ గీతను నేను వేసుకునే చెప్పుతో పోల్చి చూశాను. చెప్పు అంచు దాటి గీత చుట్టూ బయటికి కనబడింది.

నా కాలు నేను ఇన్నాళ్ళూ చెబుతున్నదానికంటే పెద్దది. ఇది మాత్రం ఊదింది కాదు. అట్ట నా దుకాణంలో కొత్తగా కట్టిన దండెం మీద వేలాడుతోంది, వచ్చి చూసుకోవచ్చు.